దుర్యోధనుడికి నాలుగు క్లైమాక్సులు

మన ధర్మరాజుల గుడి భారతాన్ని వీడియో గేమ్ చేస్తానని బయల్దేరావంట. మంచిది నాయనా. తిరుపతిలో ఇంజినీరింగు చదివి ఆ మాత్రం చెయ్యకపోతే ఎట్లా! నాలుగు మాటలు చెప్తా, రాసుకో.

మొదట, ఏ పాత్రకూ స్వభావం అంటకుండా చూసుకో. స్వభావం ఉందంటే ఆటగాడి స్వేచ్ఛకు అడ్డమే. చిత్తూరు పల్లెల్లో 18 రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం పెడతారు కదా, అక్కడ ధర్మరాజు ఏటా జూదానికి కూర్చుంటాడు, ఏటా ఓడతాడు. ఓడతాడని తెలిసే జనం చాప చంకన పెట్టుకుని వస్తారు. ఎంత వెనకబాటు! నువ్వు ‘ఆడను’ అనే బటన్ పెట్టు. జూదం రాత్రికే కథ ముగుస్తుంది, మిగతా రోజుల మైకుసెట్టు బాడుగ మిగులు.

వేషగాళ్లను మాత్రం సలహా అడక్కు. దుర్యోధనుడు చచ్చేది ఖాయం. ఏ పద్యం సాగదియ్యాలి, హాస్యగాడితో ఎంతసేపు కయ్యానికి దిగాలి, సభలోకి ఎంత పొగరుగా నడిచి రావాలి, ఇంతవరకే వాళ్ల చేతిలో ఉండేది. ఆ సందులోనే ఒక ఊరి దుర్యోధనుడికీ ఇంకో ఊరి దుర్యోధనుడికీ తేడా తెలుస్తుందని పెద్దోళ్లు మురిసిపోతారు. బటన్ లేని స్వేచ్ఛ లెక్కలోకి రాదు. పోలెండ్ వాళ్లదీ ఇదే పిసినారితనం: 2015 నాటి ‘ద విచర్ 3’ ఆటలో నువ్వేం ఎంచుకున్నా జవాబు హీరో గెరాల్ట్ గొంతులోనే వస్తుంది. మన పుష్పరాజ్ మాత్రం? మూడు గంటల సినిమాలో తగ్గడానికి ఒక్క ఆప్షన్ లేదు.

ద్రౌపది జుట్టు పెద్ద చిక్కు. 2012లో టెల్‌టేల్ వాళ్ల ‘ద వాకింగ్ డెడ్’లో నువ్వన్న మాట ఫలానావాళ్లు గుర్తుపెట్టుకుంటారని తెరమీద ఒక మూల రాసేవాళ్లు. మన నాటకంలో ఆ పని విరబోసిన జుట్టు చేస్తుంది, అదీ చివరిరోజు దాకా. ఆటగాళ్లకు మనసు పీకుతుంది. మర్నాడే కొప్పు ముడేసుకునే వీలు కల్పించు.

అర్జున తపస్సుకు స్కిప్ బటన్ తప్పనిసరి. వేషగాడు పద్యాలు పాడుకుంటూ మెల్లగా తపస్సు మాను ఎక్కుతాడు. పైనుంచి విసిరే నిమ్మకాయ ఒడిలో పడాలని బిడ్డల్లేని ఆడవాళ్లు తడిచీరలతో కింద వరపడి ఉంటారు. అర్జునుడు సగం ఎక్కి మనసు మార్చుకుని దిగిపోతే వాళ్ల సంగతేమిటంటావా? వాళ్లు ఆటగాళ్లు కారు నాయనా, బ్యాక్‌గ్రౌండు.

తిరుపతి గంగమ్మ జాతర కూడా కలిపితే లాభమే. అక్కడ బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని వేషాలకు వరస ఉంది. దొర వేషంలో వచ్చేదాకా, దాక్కున్న దుష్టుడు పాళెగాడు అమ్మవారికి చిక్కడు. దొర వేషాన్ని 99 రూపాయలకు మొదటిరోజే అమ్ము. అన్నిరోజులు ఎదురుచూసే ఓపిక ఎవరికి?

ఇక ముగింపు. చివరిరోజు మైదానంలో మట్టితో భారీ దుర్యోధనుణ్ణి వెల్లకిలా చేసి ఉంటారు. భీముడు గదతో తొడ పగలగొడతాడు, అక్కడి ఎర్రనీళ్లు రాసుకుని ద్రౌపది కొప్పు ముడుస్తుంది, సాయంత్రం అగ్నిగుండం. రెండో దారి లేదు. 2012లో ‘మాస్ ఎఫెక్ట్ 3’ ముగింపు నచ్చక ఆటగాళ్లు గోల చేస్తే కంపెనీ అదే ఏడాది దాన్ని పొడిగించి ఇచ్చింది. నీకా తలనొప్పి రాకుండా ముందే నాలుగు పెట్టు. ఒకదాంట్లో దుర్యోధనుడు అయిదూళ్లు ఇచ్చేస్తాడు. ఇంకోదాంట్లో భీముడి గద పోతుంది. మూడోదాంట్లో తొడకు కట్టు కట్టి రుయా ఆస్పత్రికి తీసుకుపోతారు. నాలుగోదాంట్లో ఇద్దరూ కలిసి కొండెక్కి గుండు కొట్టించుకుంటారు. నాలుగింట్లోనూ ద్రౌపదికి పనుండదు, ఆమె కొప్పు ఎప్పుడో ముడేసుకుంది. పసుపుబట్టలు కట్టుకుని ఉపవాసం ఉన్నోళ్లు గుండం ఎప్పుడు తొక్కేదని అడుగుతారు. తర్వాతి అప్‌డేట్‌లో వస్తుందని మైకులో చెప్పించు.