జగిత్యాల టూరిస్టు

చలికాలం వచ్చిందంటే దుబాయ్ చుట్టూ గుడారాలు లేస్తాయి. అల్ ఖుద్రా చెరువుల దగ్గర ఇసుకలో టెంట్లు వేస్తారు. 130 కిలోమీటర్ల అవతల హట్టా కొండల్లో గుమ్మటపు గదులు అద్దెకిస్తారు. ఇంకా ఓపికున్నవాళ్లు రస్ అల్ ఖైమా దాకా పోయి, 1,934 మీటర్ల జెబెల్ జైస్ మీద చలికి వణికి వస్తారు. మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు కూడా వెనకబడలేదు. ఒక రాత్రి నేల మీద పడుకుని, తెల్లారి ఆ ఫొటోల కింద జీవితసత్యాలు రాస్తున్నాయి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల జనానికి ఈ సాహసం కొత్తేమీ కాదు. 1970ల సంది భుజానికి సంచి తగిలించుకుని అదే ఎడారికి పోతున్నారు. కొండగట్టు అంజన్నకు మొక్కు, వేములవాడ రాజన్నకు కోడె, సంచిలో మామిడికాయ తొక్కు, సకినాలు. వాళ్లను ఏ యాత్రల పత్రికా ముఖచిత్రంగా వేయలేదు, అంతే తేడా.

కాగితాల్లోనైతే ఆ తేడా కూడా లేదు. హట్టాలో గది బుక్ చేసుకున్న సారు చేతిలో ఉన్నదీ విజిట్ వీసానే, ఏజెంటు మనవాడి చేతిలో పెట్టిందీ విజిట్ వీసానే. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో "ఎందుకు పోతున్నవ్?" అంటే "చూసొద్దామని సార్" అనాలి. ఏం చూస్తవంటే బుర్జ్ ఖలీఫా అనాలి. సాంచెల మీద పని దొరకని సిరిసిల్ల మనిషికి, నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి మరీ ఎత్తయిన మేడలు చూడాలన్న ముచ్చట ఎట్లా పుట్టిందో అడిగే నాథుడు లేడు.

దిగాక సౌకర్యాలు మాత్రం మనవాడికే ఎక్కువ. సారు గదిలో నలుగురే, మనవాడి గదిలో మంచం మీద మంచం. సారుకు ప్రకృతి ఒక్క రాత్రే, మనవాడికి ఎండాకాలమంతా ప్రకృతే. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించవద్దని అక్కడి చట్టం. మూడు కొట్టగానే సూర్యుడు డ్యూటీ దిగిపోతాడని నమ్మకం కాబోలు. వెళ్లిన చోట ఆనవాలు మిగల్చవద్దన్నది క్యాంపింగ్ నీతి. దాన్ని మనవాడంత నిష్ఠగా పాటించినవాడు లేడు. కట్టిన టవర్ మీద అతని పేరుండదు, కంపెనీ హాజరుపట్టీలోనూ ఉండదు. వీసా గడువు దాటాక అతనే కాగితాల్లేని ఖల్లివెల్లి.

ఇంతమందిని టూరిస్టులుగా మార్చిన మాయ ఏమిటంటే, పది పాసు కానివాడు కొలువు కోసం గల్ఫ్ సహా 18 దేశాలకు పోవాలంటే ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. అప్పుడు కొలువు ఒప్పందం చూపాలి. ప్రవాసీ భారతీయ బీమా చేయాలి. పన్ను కాక రెండేళ్లకు 275 రూపాయలు కడితే, ప్రమాదంలో పోయినా శాశ్వత అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. ఏజెంటు కూడా జీఎస్టీ కాక 30 వేలకు మించి ఫీజు తీసుకోకూడదు. పాపం, ఏజెంటుకు ఎన్ని కష్టాలో! అదే మనిషిని టూరిస్టును చేస్తే ఒప్పందం లేదు, బీమా లేదు, ఫీజుకు హద్దు లేదు.

గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వులిచ్చింది. మంచిదే. కానీ వరస చూడండి. మనవాడు విమానం ఎక్కేటప్పుడు టూరిస్టు, పెట్టెలో దిగేటప్పుడు కార్మికుడు. ఆ గుర్తింపు నడిచి పోయే రోజునే ఇస్తే సర్కారు సొమ్మేం పోయింది?

పోవద్దని చెప్పడానికి మనమెవరం, ఇక్కడ కొలువులు వరసకట్టి లేవు. పోయేవాళ్లు పైసలిచ్చే ముందు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో చూడండి. రాష్ట్ర సర్కారుదే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, అక్కడా అడగండి. "విజిట్ వీసా మీద పో, పోయినంక కొలువు నేను చూస్త" అని ఎవరన్నా అంటే, మొదటి ట్రిప్పుకు ఆయన కొడుకునే పంపమనండి.