ఐదు మార్కుల కింద పడ్డ ప్రశ్న

నేను బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’ నవలని. కథ 1946 నాటిది, ఈ ఒళ్లు మాత్రం తర్వాతి ముద్రణ. అచ్చు, కుట్టు, జిగురు అన్ని పుస్తకాలకీ ఉన్నవే. నా అసలు బతుకు ఒక అద్దె పుస్తకాల కొట్లో మొదలైంది.

నన్ను అద్దెకి తీసుకెళ్లిన ఆడవాళ్లు వంటిల్లు సర్దుకున్నాక మధ్యాహ్నాలు తెరిచేవాళ్లు. డెబ్భై ఒకటో పేజీ మీది పసుపు వేలిముద్ర అప్పటిదే. తల్లి మీద లోకం వేసిన నింద నా కథానాయకుడు దయానిధిని వెంటాడుతుంటే వాళ్లకి కడుపు తరుక్కుపోయేది. కోమలి అనే అమ్మాయి కోసం అతను పడే తపన చూస్తే ఒళ్లు మండేది. అయినా పొయ్యి వెలిగించే వేళదాకా నన్ను దించేవాళ్లు కాదు. ఒకావిడ, అతని భార్య ఇందిర కనిపించేచోట, పెన్సిలుతో సన్నగా రాసింది: ‘ఈ పిల్ల గోడు ఎవరికీ పట్టదా?’ నన్ను మరెవరూ అంత సూటిగా నిలదీయలేదు. ఇంగ్లీషు పాఠాలు చెప్పి, రేడియోలో పనిచేసిన బుచ్చిబాబుగారు 1967లోనే పోయారు. ఉండి ఉంటే ఆవిణ్ణి కూర్చోబెట్టి జవాబు చెప్పేవారనే నా నమ్మకం.

ఇళ్లల్లోకి టీవీలొచ్చాయి, కొట్టు మూతపడింది. నన్నొక కాలేజీ లైబ్రరీ కొంది. ఎమ్మే తెలుగు పిల్లలు చదువుతారని పొంగిపోయాను. వాళ్లు చదివింది గైడు. నన్ను తెరిచింది ఉదాహరణలకి. ‘మనోవైజ్ఞానిక నవల’, ‘చైతన్య స్రవంతి’ అని నా అంచులన్నీ నీలిసిరాతో నింపారు. ఇందిర పక్కనున్న పెన్సిలు గీతల మీదే ఒకబ్బాయి ‘ముఖ్యం, 5 మార్కులు’ అని రాశాడు. కిందొక ప్రశ్న ఉందని చూడనేలేదు. పరీక్షలకి ముందు ఇంకెవరో నా మొదటి పదహారు పేజీలూ చింపుకుపోయారు.

విశ్లేషణ మీద నాకు పగ లేదు. ఒక మేడమ్ వారం పాటు క్లాసులో నన్ను పైకి చదివారు. పిల్లలు ఇందిర వైపు కొందరు, దయానిధి వైపు కొందరు చేరి గట్టిగా వాదులాడుకున్నారు. ఫ్రాయిడ్ పేరు ఆవిడ ఎత్తింది ఆ తర్వాతే. తమని కలవరపెట్టింది ఏమిటో తెలుసుకోవాలని అడిగి మరీ విన్నారు. అలాంటి చదువుకి నా ప్రతి పేజీ ఇచ్చేస్తాను.

సిలబస్ మారాక నన్ను మెట్లకింద గోనెసంచిలో కుక్కారు. వానాకాలాలు గడిచాయి. అట్ట ఉబ్బింది, వెన్ను చెదలు తిన్నాయి. కోమలి ఉన్న పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఎవరో సంచి విప్పితే మళ్లీ క్లాసుకే అనుకున్నాను. ‘రద్దు’ ముద్ర కొట్టి తూకానికి వేశారు.

ఇప్పుడు హైదరాబాదులో, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు దొరుకుతాను. నిన్నగాక మొన్న ఒకమ్మాయి నన్ను తిరగేసి, “అన్నా, దీని నోట్సుందా?” అని అడిగి వెళ్లిపోయింది. అమ్మా, మొదటి పదహారు పేజీలు నాలో లేవు. ఇంకో ప్రతిలో చదువుకుని రా, మిగతాదంతా నా దగ్గరుంది. చదివాక దయానిధితో పోట్లాడు, బుచ్చిబాబుగారితోనూ పోట్లాడు. ఇందిర దగ్గర సిరా కింద పెన్సిలు గీతలున్నాయి, వెలుతురులో పెడితే కనిపిస్తాయి. వాటికి నీ జవాబు రాయి.