వీణకి సీరియల్ నంబరు

డాలస్‌లో ఉన్న మా మేనల్లుడికి గిటార్ల పిచ్చి. వాయించే పిచ్చయితే బాధ ఇరుగుపొరుగుది, మనకెందుకు. వీడిది గిటార్ల పుట్టుపూర్వోత్తరాలు తవ్వే పిచ్చి. ఫెండర్ కంపెనీ వాళ్ళు 1987లో కాలిఫోర్నియాలోని కరోనా అనే ఊళ్ళో కస్టమ్ షాప్ అని పెట్టారు. అడిగినవాడికి అడిగిన తీరున గిటారు చేసి, సర్టిఫికెట్టు రాసి మరీ ఇస్తారు. వీడి దగ్గర అలాంటిదొకటి ఉంది. దాంతో ఆగితే బాగుండును. 1950ల నాటి గిటారు ఎవరింట్లో కనబడినా దాని మెడ విప్పించి చూస్తాడు. మెడ చివర పెన్సిలుతో తారీఖు రాసుంటుందట. కొన్నిటి మీద చేసినవాడి పొడి అక్షరాలు కూడా ఉంటాయి. టీజీ అని ఉంటే టాడియో గోమెజ్. లోపలి పికప్పుకి తీగ చుట్టింది అబిగెయిల్ యిబారా అని తేలిందా, వాడికి ఆ పూట అన్నం అక్కర్లేదు. వాల్యూమ్ తిప్పే పాట్ వెనకాల అంకెలుంటాయి. 304తో మొదలైతే స్టాక్‌పోల్ వాళ్ళది, 137 అయితే సీటీఎస్ వాళ్ళది. తర్వాతి అంకెలు ఏ ఏడో, అందులో ఎన్నో వారమో చెబుతాయి. వారంతో సహా! మా ఇంట్లో నేను పుట్టిన తారీఖు మీదే ఇప్పటికీ రెండు వాదాలున్నాయి.

నిరుడు సంక్రాంతికి సామర్లకోట వచ్చి, అటక మీద మా నాయనమ్మ వీణ చూశాడు. ఇక పండగ అయిపోయింది.

"మావయ్యా, ఇది ఎవరు చేశారు? ఏ ఇయరు?"

"మీ అమ్మకి నాయనమ్మదిరా."

"ఓనర్ని కాదు మావయ్యా, మేకర్ని అడుగుతున్నా."

మా ఊళ్ళో ఈ ప్రశ్నకి జవాబు దొరకాలంటే భీమేశ్వరుడి గుళ్ళోనే దొరకాలి. చాళుక్య భీముడు కట్టించిన గుడి. ఎవరు ఏమిచ్చారో అక్కడి స్తంభాలే చెబుతాయి, శాసనాలు చెక్కి ఉన్నాయి. దేవుడి సొత్తుకి ఉన్న లెక్క మా అటకకి లేదు.

టార్చి పుచ్చుకుని మొదలెట్టాం. దండికీ కుండకీ మధ్య అతుకు లేదు. అంటే ఏకాండి, ఒకే పనస దుంగలో తొలిచింది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరు వాళ్ళు తరతరాలుగా ఇలాగే చేస్తున్నారు. 2011లో బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. "నూజివీడుదేమో" అన్నాన్నేను, అక్కడా చేస్తారు కదా అని. వాడు నా వైపు చూసిన చూపుకి మళ్ళీ నోరెత్తలేదు.

మెట్లు లెక్కపెట్టాడు, ఇరవైనాలుగు. తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో కుదిరిన లెక్క అది. లెక్క కుదిరినందుకు సంతోషించి, మైనం మీద గోరుతో గీశాడు.

"ఈ వ్యాక్స్ ఒరిజినలేనా?"

వీణ మెట్లు కూర్చునేది బొగ్గుపొడి కలిపిన మైనం మీద. ఎండలకి అది మెత్తబడుతుంది, మెట్టు జరుగుతుంది, స్వరం చెడుతుంది. అప్పుడు తెలిసినవాడిని పిలిచి మళ్ళీ మేళం కట్టించాలి. ఇదంతా చెబితే వాడి మొహం మాడిపోయింది. "అయితే పార్టులు మార్చేశారన్నమాట" అన్నాడు. మా పిన్ని పెళ్ళిచూపులకి బాగుంటుందని బాబాయి దీనికి వార్నిష్ కొట్టించాడన్న సంగతి అప్పుడే బయటపడింది. పాత గిటారుకి కొత్త రంగేస్తే ధర సగానికి పడిపోతుందట. అదే కస్టమ్ షాపులో, కొత్త గిటారుని గీకి, చెక్కు లేపి, పాతదానిలా చేసి ఎక్కువ ధరకి అమ్ముతారట. మా ఇంట్లో ఆ పని పిల్లలు ఉచితంగా చేశారు. చేస్తుంటే వీపు విమానం మోత మోగించాం.

ఇక సాక్షులు. మా పెద్దనాన్నగారు కుర్చీలోంచి కదలకుండానే, "పిఠాపురం ఆస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారు మీటిన వీణరా ఇది" అన్నారు. రవీంద్రుడంతటివాడు విని మురిసిపోయిన వైణికుడు ఆయన. పిఠాపురం మాకు కూతవేటు దూరం కాబట్టి కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. పెద్దనాన్నకి తాను తీసిపోకూడదని బాబాయి చిట్టిబాబుని దింపాడు. కాకినాడలో పుట్టినవాడే కదా, చిన్నప్పుడు వచ్చి దీని మీదే సాధన చేసేవాడట. మేనల్లుడు ఫోన్లో చూశాడు. చిట్టిబాబు పుట్టింది 1936. 1949లో వచ్చిన ‘లైలా మజ్ను’లో బాలనటుడు. అప్పటికే మద్రాసులో ఉన్నాడు. మా నాయనమ్మ ఈ వీణతో కాపరానికి వచ్చింది 1950లో.

"సెలవలకి వచ్చుంటాడు" అన్నాడు బాబాయి.

అప్పుడు దొరికింది అసలు సంగతి. వీణని బోర్లా తిప్పి తడిగుడ్డతో తుడుస్తుంటే, కుండ అడుగున, వార్నిష్ కింద నల్లరంగుతో నెం. 47 అని కనబడింది. తెలుగు అక్షరాలే, ఏడు తోక కొంచెం వంకరగా. మేనల్లుడి చేతులు వణికాయి. "సీరియల్ నంబరు మావయ్యా! నలభైయేడో పీసు!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. పెద్దనాన్న అది స్వాతంత్ర్యం వచ్చిన ఏడు అన్నారు. బాబాయి మేకర్ తలుపు నంబరు అన్నాడు. అరగంట వాదన నడిచింది.

వంటింట్లోంచి మా మేనత్త చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"అది షావుకారు వేసిన నంబరు. మా నాన్న పేకాటలో పోగొట్టి దీన్ని తాకట్టు పెట్టాడు. నేనప్పుడు మూడో క్లాసు."

పెద్దనాన్న పేపరు అందుకున్నారు. బాబాయికి పెరట్లో ఏదో పని గుర్తొచ్చింది. మేనల్లుడికి మాత్రం ఉత్సాహం రెట్టింపయింది. "అయితే లెడ్జరు ఉంటుంది కదా అమ్మమ్మా? తాకట్టు తారీఖు, ఎంతకి పెట్టారు, అన్నీ ఉంటాయి" అంటూ ల్యాప్‌టాప్ తెరిచి, పాత యజమానుల గడిలో మా నాయనమ్మ పేరు కొట్టాడు.

"ఆ షావుకారు పేరు కూడా రాయి" అంది అత్త.

"ఆయన దగ్గర తాకట్టులో ఉందంతే కదా?"

"తాకట్టులో ఉన్నన్నాళ్ళూ వాళ్ళమ్మాయి రోజూ దీని మీద సరళీస్వరాలు వాయించేది. మా అమ్మ పెళ్ళికి తెచ్చుకుని అటకెక్కించింది, విడిపించి తెచ్చాక మళ్ళీ అటకెక్కించింది. వాయించినవాళ్ళెవరని అడిగితే ఆ పిల్ల పేరు రాసుకో."