పసుపు కొమ్ము ఆత్మకథ

నేను పసుపు కొమ్మును. కృష్ణా పశ్చిమ డెల్టాలో, తెనాలికి చేరువనున్న దుగ్గిరాల ప్రాంతమున, తొలకరికి నాటిన దుంప ప్రక్కనుండి వ్రేలివలె పొడుచుకొని వచ్చి, తొమ్మిది నెలలు మట్టిలో పెరిగి, ఆకులెండి నేలకొరిగిన మాఘమాసమున గునపపు పోటుతో వెలుగు చూచితిని.

పుట్టితినని చెప్పుకొనుటకు నాకు సంకోచము గలదు. ఏలయన మా కులమున విత్తనము లేదు. మా తల్లి పూవెత్తినమాట నిజమేగాని ఆ పువ్వు కాయ కాదు. క్రోమోజోములు జంటలుగా గాక మూడేసి చొప్పున, మొత్తము 63 ఉండుటచే మేము గొడ్డువారమైతిమని శాస్త్రజ్ఞులందురు. కావున నా దేహము క్రొత్తది కాదు. ఏనాటి రైతో విరిచి నాటిన ముక్కయే చేతినుండి చేతికి, చాలునుండి చాలుకు నడచి నాదాక వచ్చినది.

నలుగునకు వాడు కస్తూరి పసుపు, పచ్చడికి పోవు మామిడి అల్లము మా దాయాదులే. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయసు మా ప్రజాతికి పెట్టిన ‘కుర్కుమా’ యను పేరు అరబ్బుల కుంకుమపువ్వు పేరునుండి ఎరువు తెచ్చినది. రంగునకును నాకును ఒక్కటియైన ‘పసుపు’ అను పేరే నాకు ప్రియము.

తవ్విన పిమ్మట మమ్ము వేరుచేసిరి. పుష్టిగల తోబుట్టువులను విత్తనమునకని నీడపట్టున పోగువోసి ఆకులు కప్పిరి. నన్ను మాత్రము, నురుగు పొంగి ఘాటైన వాసన లేచి, గ్రుచ్చిన పుల్ల సులువుగా లోనికి దిగువరకు బానలో ఉడికించిరి. ఆ ఉడుకునకు నా మొలకకన్ను చచ్చినది. రంగు నిలువెల్ల సమముగా పాకినది. పదునైదు దినములు ఎండలో ఎండి, పీపాలో దొర్లి పొట్టు రాల్చుకొనునప్పటికి, విరిచినచో లోహమువలె ఖంగుమను గట్టితనము వచ్చినది.

ఆ యేడు రైతు కుమారునికి పెండ్లి కుదిరినది. బంగారమునకు పైకము చాలలేదు. “విరగని కొమ్ము చూడవే అమ్మాయీ, మెడలో కట్టేది!” అని ముసలమ్మ కూతురితో అనుచు తానే వెదకి నన్నేరినది. పెండ్లికూతురి పాదములకు పసుపులో సున్నము కలిపి పారాణి దిద్దుచుండ, నా పచ్చదనమే ఎఱ్ఱనగుట కనులార చూచితిని. పసుపునీట తడిపిన నూలుపోగుల నడుమ నన్ను ముడివైచి ఆమె మెడను కట్టిరి. పిల్లాపాపలతో వర్ధిల్లుమని ముత్తైదువలు దీవించిరి. విత్తనమెరుగని నన్ను ఆ దీవెనకు సాక్షిగా నిలిపినందుకు నా నిలువెల్ల పులకించినది.

తొలకరి పడినది. క్రొత్తకోడలు చేనిలో వంగి నాటుచుండగా నేను చెమటకు రంగు దిగుచు ఆమె మెడనుండి చాలుపైకి వ్రేలాడితిని. ఆమె వ్రేళ్ళనడుమ నున్నది నాతోబాటు తవ్విన నా తోబుట్టువు. దాని కన్ను పైకుండునట్లు పెట్టి, మట్టి కప్పి, ఆమె ముందునకు జరిగినది.