నాలుగు ఒకట్లు

జలసరఫరా వ్యవస్థకు బుద్ధి ప్రసాదింపబడినదని విని సంతోషింపని పౌరుడుండడు. గొట్టములయందు అమర్చిన సెన్సార్లు పీడనమును, ప్రవాహమును క్షణక్షణము లెక్కగట్టి, ఊరెల్ల గాఢనిద్రలోనున్న అర్ధరాత్రి వేళ గూడ నీరు జోరుగా పారుచున్నచో, అది దాహార్తుని గొంతులోనికి గాక పగిలిన గొట్టమునుండి మట్టిలోనికి పోవుచున్నదని చాటిచెప్పును. మన మున్సిపాలిటీ లైన్‌మన్‌కు రోడ్డు మడుగైన పిమ్మట గాని తెలియని రహస్యమిది. మంచముపై పరుండి ఫోనుతో పంపును నడుపవచ్చును. చిక్కెల్ల, ఆ మంచము ఎవరిదైనను పంపునకు అభ్యంతరము లేకపోవుటయే.

2023లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, అలిక్విప్పా అను చిన్న పట్టణపు జలసంస్థకు చెందిన బూస్టరు కేంద్రమునందు, నీటి పీడనమును క్రమపరచు పరికరపు తెరపై, మీరు హ్యాకింగునకు గురియైతిరనియు, ఇజ్రాయెల్‌లో తయారైన ప్రతి పరికరమును మాకు లక్ష్యమేననియు ఒక ప్రకటన ప్రత్యక్షమయ్యెను. ఇరాన్ సైనికదళముతో సంబంధము గలదని అమెరికా అధికారులు చెప్పిన ముఠా చేసిన ఘనకార్యమది. పాపము, అలిక్విప్పా వారికిని పశ్చిమాసియా యుద్ధమునకును గల బాంధవ్యమెల్ల వారు కొనిన ఆ ఒక్క డబ్బాయే! ఇంతటి శత్రువు ఏ మాయోపాయమున దుర్గభేదనము గావించెనోయని ఆరా తీసినవారికి, ఆ జాతి పరికరములనేకము నేరుగా ఇంటర్నెట్టునకు తెరచియుండెననియు, తయారీదారు ఇచ్చిన తొలి పాస్‌వర్డు '1111' అనియు, దానిని వెంటనే మార్చుడని ప్రభుత్వ భద్రతాసంస్థ దేశమంతటికిని దండోరా వేయవలసి వచ్చెననియు తెలిసెను. మా వీధి పిల్లలు సైకిలు తాళమునకు సైతము ఇంతకంటె గూఢమైన అంకెలు పెట్టుదురు. అలారము మ్రోగగానే సిబ్బంది బుద్ధిమంతమగు యంత్రమును ఆపి, చేతితో పని నడుపుకొనుటచేత ఊరికి నీటి కొరత కలుగలేదు.

శత్రువు సముద్రములు దాటియే రావలెనను నియమమును లేదు. 2000లో ఆస్ట్రేలియాలోని మరూచీ ప్రాంతమున, కోరిన ఉద్యోగము దొరకలేదని అలిగిన మాజీ కాంట్రాక్టు ఉద్యోగి యొకడు రేడియో పరికరముతో మురుగు పంపులను వశపరచుకొని, 8 లక్షల లీటర్ల మురుగును పార్కులలోను, నదులలోను, ఒక పెద్ద హోటలు ప్రాంగణములోను విడిచి తన దరఖాస్తును జ్ఞాపకము చేసెను.

ఇట్టివి తెలిసియే, 2023 మార్చిలో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ, నీటి వ్యవస్థల తనిఖీలలో సైబరు భద్రతను గూడ పరీక్షింపవలెనని రాష్ట్రములకు తాఖీదు పంపెను. మిస్సోరి, ఆర్కాన్సా, అయోవా రాష్ట్రములును, జలసంస్థల సంఘములును అది అధికారాతిక్రమణమని కోర్టు కెక్కిరి. సంస్థ అక్టోబరులో తాఖీదును ఉపసంహరించుకొనెను. అలిక్విప్పాలో ఆ ప్రకటన వెలసినది నవంబరు 25వ తేదీన.