నేను పరారీని

నాకు కాళ్లు లేవు. అయినా తెలుగు పేపరు జిల్లా పేజీ తెరిస్తే ఏదో ఒక మూల నేను పరుగెడుతూనే కనిపిస్తాను. "నిందితుడు పరారీ", "చిట్టీల వ్యాపారి పరారీ", "లారీ వదిలి డ్రైవర్ పరార్": రోడ్డు ప్రమాదం వార్తలో ఆఖరి వాక్యం తరచుగా నాదే. పారిపోవడం అనే మాటకు కాస్త ఠాణా వాసన తగిలిస్తే నేను అవుతానని చాలామంది లెక్క. ఆ లెక్క తప్పు. పారిపోవడం పారిపోయేవాడి పని. నేను మాత్రం వెతికేవాడి నోటి మాటని. ఎవరో ఒకరు వెతుకుతుండాలి, మనిషి దొరక్కుండా ఉండాలి. ఈ రెండూ కుదిరితేనే నాకు ఉనికి. నా పుట్టుక, పెంపకం, ఉద్యోగం మూడూ చూశాక ఒప్పుకుంటారో లేదో మీరే తేల్చండి.

పుట్టింది అరబ్బీలో. "ఫర్ర" అంటే పారిపోయాడు, "ఫిరార్" అంటే పారిపోవడం. అక్కడి నుంచి పారశీకంలోకి, ఉర్దూలోకి వచ్చాను. గోల్కొండలోనూ ఆ తర్వాత హైదరాబాదులోనూ దర్బారు కాగితాలు ప్రధానంగా నడిచింది పారశీకంలో. హైదరాబాదులో 1884లో గానీ ఉర్దూ ఆ పీట ఎక్కలేదు. ఆ కచేరీ మాటల గుంపుతోనే తెలుగు గడప తొక్కాను. ఫిర్యాదును పిర్యాదుగా, ఫకీరును పకీరుగా పలికిన నోళ్లే నా ఫకారాన్ని పకారం చేసి, చివర ఉకారం తగిలించి "పరారు" అన్నాయి. పక్కింటి కన్నడిగులకూ నేను "పరారి"నే. పారిపోవులోని "పారు"కే నేను పుట్టానేమో అని అడిగేవారున్నారు. పోలిక పైపైదే. "పారు"లో మొదటి అక్షరం దీర్ఘం, నాలో రెండోది. కితాబు, హిసాబు, జవాబు అని వరసగా పలికి చూడండి, ఆ వెంటే పరారు అనండి. హ్రస్వం మీద దీర్ఘం, చివర ఉకారం: మా అందరిదీ ఒకే నడక, ఒకే ఊరు. వేగంగా దూసుకుపోయే ఫెరారీ కారుతో చుట్టరికం కలిపేవారికీ ఒక మాట: ఇటలీలో అది కమ్మరి వృత్తి నుంచి వచ్చిన ఇంటిపేరు.

తెలుగులో ఈ పనికి మాటల కరువేమీ లేదు. "పారిపోవు"లో ఏటి నీటి నడక ఉంది. "ఉడాయించు"లో ఎగిరే రెక్కలున్నాయి. "పలాయనం" సంస్కృతం పిల్ల. దూరానికి వెళ్లడమని దాని అర్థం. "పరా"లోని రకారం అక్కడ లకారం అవుతుందని పాణిని అష్టాధ్యాయిలో ఒక సూత్రమే (8.2.19) పెట్టాడు. రాజుగారి పనులకు వాడే "చిత్తగించు"ను దానికి తగిలించి, పలాయనం చిత్తగించాడని వెక్కిరించడం తెలుగువాడి సొంత తెలివి. ఇవన్నీ కదలికను చెప్పే మాటలు. నేనూ పుట్టినింట్లో కదలికనే చెప్పాను, మెట్టినింట్లో మారిపోయాను. ఉర్దూలో ఫిరారీ అంటే పారిపోయిన మనిషి. తెలుగులో పరారీ మనిషి పేరు కాదు, మనిషి ఉన్న స్థితి. అందుకే "పరారీలో ఉన్నాడు" అంటారు. "పారిపోవడంలో ఉన్నాడు" అని ఎవరైనా అంటారా? ఈ మార్పు నా ఒక్కదానికే జరగలేదు. అరబ్బీలో రాజీ అంటే సమ్మతించినవాడు, తెలుగులో ఒప్పందం. హాజరు అక్కడ ఎదుట ఉన్నవాడు, ఇక్కడ బడి పట్టీలో పడే గుర్తు. ముద్దాయి కథ మరీ విచిత్రం: అక్కడ దావా వేసినవాడు, ఇక్కడ బోనులో నిలబడ్డవాడు. పుట్టుకే అసలు అర్థమని పట్టుబడితే ఈ ముద్దాయిని ఏ వైపు నిలబెడతారు?

నా ఉద్యోగమంతా చట్టంతోనే. అక్కడ సాక్ష్యం ఇంకా గట్టిది. ఇంగ్లీషు చట్టాల్లో నేను తెలుగు చేసే మాట "అబ్‌స్కాండ్". దాని లాటిన్ మూలానికి అర్థం దాచడం, పరుగు కాదు. మనిషి ఊరు విడిచి వెళ్లనక్కర్లేదని, ఉన్నచోటే దాక్కున్నా ఆ మాట వర్తిస్తుందని మద్రాసు హైకోర్టు 1881లోనే చెప్పింది. అంటే అటకెక్కి కూర్చున్నవాడు ఒక్క అడుగూ వేయకుండానే పరారీలో ఉండగలడు. 2018 నాటి పరారీ ఆర్థిక నేరస్థుల చట్టం చూడండి. 100 కోట్ల రూపాయలు, ఆపైన విలువైన కేసులో వారంటు ఉండి, విచారణ తప్పించుకోవడానికి దేశం దాటినా, ముందే విదేశంలో ఉండి తిరిగి రానన్నా ఒకటే. రెండోవాడు పరుగెత్తిందెక్కడ? భారతీయ నాగరిక సురక్షా సంహిత 84వ సెక్షన్ దారి కూడా అదే. వారంటు ఉన్న మనిషి పరారీలో ఉన్నాడని, లేదా దాక్కున్నాడని కోర్టు నమ్మితే, కనీసం 30 రోజుల గడువిచ్చి హాజరు కమ్మని ప్రకటన ఇస్తుంది. దాన్ని ఊళ్లో అందరికీ తెలిసేచోట చదివి వినిపించాలి, అతని ఇంటికి కనబడేలా అతికించాలి. ఆ తతంగమంతా వెతికేవారిది. దొరకనివాడి కాళ్ల ప్రస్తావన ఎక్కడా లేదు.

"ఈ చిట్కాతో దోమలు పరార్, దగ్గు పరార్ అంటున్నారు కదా, దోమ మీద వారంటెవరు ఇచ్చారు?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఆ సరదా ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. దోమను నేరస్థురాలిని చేసి, చేతిలో బ్యాటుతో మనం పోలీసులమవుతున్నాం. ఠాణా అర్థం లేకపోతే ఆ వాక్యంలో నవ్వే లేదు. పులిని చూసి పరుగెత్తిన మనిషిని "పరారీలో ఉన్నాడు" అంటారా? వరదొచ్చి ఊరు విడిచినవాళ్లను అంటారా? అనరు, వాళ్లు ఎవరికీ జవాబు బాకీ లేరు. ఇంకో పరీక్ష: "పారిపోయి వచ్చాను" అని ఎవరైనా తన గురించి చెప్పుకుంటారు. "నేను పరారీలో ఉన్నాను" అని హాస్యానికి తప్ప చెప్పుకోరు. అప్పులవాళ్లకు దొరకనివాడు కూడా "ఊళ్లో లేను" అంటాడు. నన్ను ఎప్పుడూ ఇంకొకరే అనాలి.

అందుకే "ప్రేమజంట పరారీ" అన్న శీర్షికలో నన్ను చూసినప్పుడు నాకు సిగ్గేస్తుంది. చట్టం చెప్పిన వయసు, అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండిన ఇద్దరు ఇల్లు విడిచి వెళ్లి పెళ్లి చేసుకుంటే అది నేరం కాదు. వెతుకుతున్నది పెద్దల కోపం. నేరం ముద్ర మాత్రం పిల్లల మీద పడుతుంది, ఆ ముద్ర వేసే పని నా చేత చేయిస్తారు. పిలిస్తే వచ్చే మనిషిని, నోటీసే అందని మనిషిని "పరారీలో ఉన్నాడు" అని రాసినా అంతే. శీర్షికలో నాకు పట్టే చోటు మూడక్షరాలే కాబట్టి నన్ను వాడటం సులువని తెలుసు. అయినా విలేకరులకూ సబ్ఎడిటర్లకూ నా విన్నపం ఒక్కటే: నన్ను రాసిన వార్తలో వెతుకుతున్నదెవరో, ఏ కాగితం పట్టుకుని వెతుకుతున్నారో కూడా రాయండి. రాయడానికి అదేమీ దొరక్కపోతే నన్ను కొట్టేసి "వెళ్లిపోయారు" అనండి.