అధికారం మాది, పూచీ మాది కాదు

ఆఫీసు కంప్యూటర్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే, కొన్ని సెట్టింగులు మీ సంస్థ అధీనంలో ఉన్నాయని ఒక వరుస కనిపిస్తుంది. చదివినవాళ్లకు ఎంత ధైర్యమో! ఎక్కడో ఒక పెద్దమనిషి మన కంప్యూటర్ యోగక్షేమాలు చూసుకుంటున్నాడన్నమాట. నల్లగొండలోనో పాలమూరులోనో కూర్చుని ఆ పెద్దమనిషి ఎవరని వాకబు చేయండి. అడ్మిన్ పాస్‌వర్డ్ హైదరాబాద్‌లో ఉందంటారు. హైదరాబాద్‌ను అడిగితే అది ఏజెన్సీ పని. ఏజెన్సీని అడిగితే ఏఎంసీ (ఏటా చేసుకునే నిర్వహణ ఒప్పందం) అయిపోయింది. విండోస్ 10కు మామూలుగా అందే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఆ కబురు తెర మీదికొస్తే జూనియర్ అసిస్టెంట్ ‘తర్వాత గుర్తుచేయి’ నొక్కుతాడు. ఆయన్నేమీ అనలేం, ఆయనకిచ్చిన అధికారం ఆ ఒక్క మీట వరకే.

ముట్టుకోకపోవడానికి ఒక సిద్ధాంతం కూడా ఉంది: నడుస్తున్నదాన్ని కదిలించొద్దు. ఈ సిద్ధాంతానికి 2017లో పరీక్ష జరిగింది. వన్నాక్రై అనే వైరస్ దూరిన కంతను పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. మే నెలలో ఆ వైరస్ ప్రపంచమంతా తిరుగుతూ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లనూ పలకరించింది. ప్యాచ్ వేసుకున్న యంత్రాల జోలికి రాలేదు, కదిలించనివాటినే పట్టుకుంది. మన జిల్లా ఆఫీసులో ఏముందని ఎవడొస్తాడంటారా? 2019లో మనకు కరెంటిచ్చే దక్షిణ డిస్కమ్, తక్కిన తెలుగు డిస్కమ్‌లతో పాటు రాన్సమ్‌వేర్ దాడికి గురైంది, ఆన్‌లైన్ సేవలు ఆగాయి. దానికి పాత విండోసే కారణమని అనను. వచ్చేవాడు రాజధానా, జిల్లానా అని చూసి రాడని మాత్రం అంటాను.

డబ్బుల్లేవన్న మాటలో కొంత నిజముంది. 2016 అక్టోబర్ 11న నల్లగొండ మూడు జిల్లాలైంది, పాలమూరు నాలుగైంది. 2019లో నారాయణపేటతో అయిదు. కొత్త జిల్లా, కొత్త బోర్డు, కొత్త కుర్చీలు. 2016లో కొన్న కంప్యూటర్‌కు విండోస్ 11 యోగం జాతకంలోనే లేదు. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి, అది వచ్చిందే 2017లో. బాగా నడిచే యంత్రాన్ని తుక్కు చేసే ఈ షరతు కంపెనీ దురాశ కాదని నేను వాదించను. కానీ షరతులు 2021లోనే బయటపెట్టారు. ఆ తర్వాత విండోస్ 10 గడువు తీరేలోపు నాలుగు బడ్జెట్లు గడిచాయి. సంస్థలకు డబ్బు కట్టి అప్‌డేట్లు కొనుక్కునే దారీ ఉంది: యంత్రానికి మొదటి ఏడాది 61 డాలర్లు, ఆపైన ఏటేటా రెట్టింపు. అది కూడా వద్దనుకుంటే లైనక్స్ ఉంది. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్లుగా దాని మీదే నడుస్తున్నాయి. వీటిలో ఏది ఎంచుకున్నా ఎవరో ఒకరు ఫైలు మీద సంతకం పెట్టాలి. ఊరుకుంటే సంతకం అక్కర్లేదు, అందుకే ఊరుకోవడమే అందరికీ నచ్చింది.

అప్‌డేటే ముంచిందిగా అని 2024 జులై 19ని గుర్తుచేస్తారు. నిజమే. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ పంపిన ఒక్క తప్పు ఫైలుతో 85 లక్షల కంప్యూటర్లు నీలం తెర పట్టాయి, శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అక్కడ తప్పు మార్చడంలో లేదు, పరీక్ష సరిగ్గా జరగని ఫైలును ఒకేసారి అందరి మీదికీ వదలడంలో ఉంది. ముందు ఒక్క యంత్రంలో కొత్త విండోస్ ఎక్కించి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పలుకుతోందా, వేలిముద్రల మిషన్ పట్టుకుంటోందా, అనూ ఫాంట్లలో కొట్టిన పాత నోటు ఫైళ్లు తెరుచుకుంటున్నాయా చూసుకోవాలి. ఆ తర్వాతే మిగతావాటికి. నిర్వహణ అంటే ఈ చాకిరీయే. మన నీళ్ల సంగతే చూడండి: ఫ్లోరైడ్ నీటిని పటిక, సున్నంతో శుద్ధి చేసే పద్ధతికి ప్రపంచం నల్లగొండ పేరే పెట్టుకుంది. పేరొచ్చినంత మాత్రాన నీళ్లు మారలేదు, రోజూ కొలిచి కలిపే మనిషి ఉన్నచోటే అది పనిచేసింది. సీపీయూ మీద తెల్లరంగుతో ఆస్తి నంబరు రాస్తారు కదా, దాని కిందే నిర్వహించేవారి పేరు, ఫోన్ నంబరు రాయండి. రాయడానికి పేరు దొరక్కపోతే ఆ పాస్‌వర్డేదో జూనియర్ అసిస్టెంట్‌కే ఇచ్చేయండి, ఆయన కనీసం రోజూ ఆఫీసుకొస్తాడు.